బారిలో ఒక ఆదివారం

కొత్తవాడలో చిలుకమ్మను ఎరగనివాళ్ళు లేరు. ఆమె నేసే జంపఖానాల వల్ల కొంత, ఆమె అడిగే ప్రశ్నల వల్ల ఎక్కువ. మిషన్ దవాఖానలో సూది వేయించుకుంటూ, "నొప్పి ఏడున్నదో ఈ మందుకు ఎట్ల ఎర్కయితది సిస్టరమ్మా?" అని అడిగిన మనిషి ఆమె. కాజీపేటలో రైలెక్కితే ఎదురుగా కూర్చున్నవాళ్ళది ఏ ఊరో, అక్కడ ఏ పంట పండుతుందో, పప్పులో పులుపు ఏం వేస్తారో కనుక్కోకుండా దిగేది కాదు. "నీకెందుకే గవన్నీ?" అని ఆడబిడ్డ మొగిలమ్మ విసుక్కుంటే, "ఊకెనే, తెలుసుకుందామని" అనేది. అంతకంటే పెద్ద కారణం ఆమెకూ తెలియదు.

ఆమె, భర్త మొండయ్య ఒకే మగ్గం మీద పక్కపక్కన కూర్చుని నేసేవారు. ఎడమ సగం ఆయనది, కుడి సగం ఆమెది. పోగు దాటించి, ఇనుప పళ్ళున్న పంజాతో ఇద్దరూ ఒక్కసారే దెబ్బ వేస్తే, వినేవాళ్ళకు ఒక్క మనిషే కొట్టినట్టుండేది. పెళ్ళయిన ఏడాది నుంచీ అదే బల్ల, అదే జాగా.

ఎనభై రెండో సంవత్సరం, వానలు మొదలైన రోజుల్లో, చేనేత సంఘం మేనేజరు రాజేశ్వర్ రావు గొడుగు దులుపుకుంటూ వాళ్ళ షెడ్డుకు వచ్చాడు. ఇటలీ దేశంలో బారి అనే ఊళ్ళో పెద్ద మేళా జరుగుతుందట. మన దేశం నుంచి రకరకాల పనివాళ్ళను ఢిల్లీవాళ్ళు తీసుకుపోతున్నారట. వరంగల్ జంపఖానా మగ్గం ఒకటి అక్కడే నిలబెట్టి, జనం చూస్తుండగా నేయాలట.

"నీ పేరు, కట్టయ్య పేరు రాసి పంపుతున్న మొండయ్యా," అన్నాడు మేనేజరు.

మొండయ్య పెద్దగా మాట్లాడే రకం కాదు. పంజా కింద పెట్టాడు.

"కట్టయ్య మంచి పనోడే సారూ. కని నేను ఆయనతోని ఎన్నడు నేయలే. నా పక్కపొంటి కూసుండేది ఇగో, ఈమె. ఈమె దెబ్బ, నా దెబ్బ ఒక్కతీరు పడతయి. ఇంకొకలు కూసుంటె నడుమ అతుకు వంకర పోతది. గంత దూరం పోయి వంకర జంపఖానా సూపెట్టుడెందుకు?"

"అది సరే గని, ఆడమనిషిని అంత దూరం..."

"ఇంట్ల నేసేటప్పుడు ఆడమనిషి గాదా సారూ?"

రాజేశ్వర్ రావు తల గోక్కున్నాడు. అయినా మనిషి మంచివాడు. ఇద్దరి పేర్లూ రాసి పంపాడు. ఢిల్లీవాళ్ళకు ఏ అభ్యంతరమూ లేకపోయింది. ఆలుమగలు కలిసి నేస్తే జనం ఇంకా ఇష్టంగా చూస్తారని కూడా అన్నారట. ఆ మాట చెప్పడానికి వచ్చిన రోజున మేనేజరు ఇంకొక మాట అన్నాడు. "రోజూ పొద్దుందాక పనే. ఒక్క ఆదివారం మాత్రం మీకు సెలవు. ఊరు చూడొచ్చు."

చిలుకమ్మ మనసు ఆ ఆదివారం దగ్గర చిక్కుకుంది. విమానం గురించి మొగిలమ్మకు బెంగగా ఉండేది. గాలిలో కడుపునొప్పి వస్తే ఎట్లా, ఒంటికి పోవాలంటే ఎట్లా అని. చిలుకమ్మకు ఆ ఫికరేమీ లేదు. ఒక్క రోజులో ఆ ఊళ్ళో ఏం చూడాలి, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి? మేనేజరుని అడిగితే, "సముద్రం ఒడ్డున ఉంటదట. చాన పాత ఊరట," అన్నాడు. అంతకుమించి ఆయనకూ తెలియదు.

అప్పుడామెకు ఫాదర్ నికోలా గుర్తొచ్చాడు.

మిషన్ కాంపౌండులో ఉండే ఫాదర్ నికోలాది ఇటలీ దేశమని ఊరందరికీ తెలుసు. ఏ ఊరో ఎవరూ అడగలేదు. డెబ్బై ఏళ్ళకు దగ్గర పడ్డ మనిషి, పొడుగ్గా, కొంచెం వంగి, ఎండకు ఎర్రబడ్డ ముక్కుతో ఉంటాడు. సైకిలు మీద పల్లెలన్నీ తిరిగి నేర్చుకున్న తెలుగు ఆయనది. కళ్ళు మూసుకుని వింటే ఏ పర్కాల దిక్కు రైతో మాట్లాడుతున్నట్టే ఉంటుంది. చర్చిలో మోకాళ్ళ కింద పరిచే జంపఖానాలు చిలుకమ్మ, మొండయ్య నేసినవే.

ఆమె పోయేసరికి ఆయన వంకాయ మొక్కలకు నీళ్ళు పోస్తున్నాడు.

"ఫాదర్, మీ దేశంల బారి అనే ఊరు ఏడుంటది?"

ఆయన చేతిలో చెంబు ఆగిపోయింది. "ఆ ఊరు పేరు నీకు ఎవరు చెప్పిండ్రు?"

ఆమె సంగతంతా చెప్పింది. ఆయన విన్నాడు. చివరికి, "అది మా ఊరే," అన్నాడు.

"మీ ఊరేనా! ఇంకేంది మరి! అండ్ల ఏమేం సూడాలె?"

"మర్చిపోయిన చిలుకమ్మా. వచ్చి నలభై ఐదేండ్లయింది. ఇంకెవరినన్న అడుగు." అని మళ్ళీ నీళ్ళు పోయడంలో పడ్డాడు.

దారి పొడుగునా ఆమెకు అదే ఆలోచన. మనిషి సొంత ఊరిని మరిచిపోతాడా? మరిచిపోతే, పేరు వినగానే చెంబు ఎందుకు ఆగింది? మొండయ్యతో అంటే, "ఆయనకు చెప్పబుద్ధి గాలే, ఇడిసిపెట్టు," అన్నాడు. మొండయ్యకు ఏదైనా విడిచిపెట్టడం తేలిక.

వారం తిరగకముందే ఫాదర్ నికోలా తనంతట తనే సైకిలు తొక్కుకుంటూ కొత్తవాడ వచ్చాడు. షెడ్డులో ముక్కాలిపీట మీద కూర్చుని, మంచినీళ్ళు తాగి, అటూ ఇటూ చూశాడు. గంపలో ఉన్న నూలు కండెలు నాలుగైదు తీసి నేల మీద పేర్చడం మొదలుపెట్టాడు.

"ఇది కోట. మన ఖిలా అంత పెద్దగ ఉండదు గని, మంచిగున్నది. దాని పక్కపొంటి కందకం. కోట మీ ఎన్కకు ఉండాలె. ఎదురుంగ సన్నటి గల్లీలు కనపడతయి, రెండు చేతులు జాపితే గోడలు తగిలేటట్టు. గా గల్లీలల్లకు పోవాలె."

చిలుకమ్మ మగ్గం దిగి వచ్చి కింద కూర్చుంది. మొండయ్య కూడా పంజా ఆపాడు.

"గీ ఎర్ర కండె?"

"అది నికోలా సెయింటు గుడి. నా పేరు ఆయనదే. మా ఊళ్ళ సగం మంది మగపిల్లలకు అదే పేరు. మీ దిక్కు సమ్మయ్యలు, సారయ్యలు ఎట్లనో గట్ల."

"ఆయన మీ ఊరాయననేనా?"

"కాదు," ఫాదర్ నవ్వాడు. "సముద్రం అవతల ఇంకో దేశం ఆయన. చచ్చిపోయిన ఎన్నో ఏండ్లకు మా ఊరి పడవలోళ్ళు పోయి, సమాధి పగలగొట్టి ఆయన బొక్కలు ఎత్తుకొచ్చిండ్రు. తొమ్మిది వందల ఏండ్లయితాంది."

"దొంగతనంగనా?"

"దొంగతనంగనే."

"దొంగతనం చేసి తెచ్చిన దేవునికి గుడి కట్టిండ్రా! మరి ఆ ఊరోళ్ళు ఊకున్నరా? తిరిగి అడగలేదా?"

అంత చిన్న ప్రశ్న తననెవరూ అడగలేదని ఫాదర్ ఒప్పుకున్నాడు. చదువుకునే రోజుల్లో తనకూ తోచలేదట.

ఆ రోజు నుంచి ఆయన వారానికి ఒకటి రెండుసార్లు వచ్చేవాడు. ఒకసారి సముద్రం దిక్కున ఊరిని కాచే రాతిగోడ గురించి, దాని మీద నడిచే దారి గురించి చెప్పాడు. ఇంకోసారి మే నెలలో సెయింటు బొమ్మను పడవలో ఎక్కించి సముద్రంలో ఊరేగించే సంగతి. మేడారంలో గద్దెల దగ్గరికి అమ్మవారిని తెచ్చేటప్పుడు జనం ఎట్లా ఉంటారో, ఒడ్డున అట్లా ఉంటారట. అన్నింటికంటే చిలుకమ్మకు బాగా పట్టింది, గల్లీల్లో గడప ముందు బల్ల వేసుకుని ఆడవాళ్ళు చేసే ఒక తిండి.

"పిండి తడిపి, తాడు లెక్క చేసి, గింతంత ముక్క కోస్తరు. చాకుతోని ఒత్తుకుంట లాగి, బొటనవేలి మీద బోర్లిస్తరు. చిన్న చెవి లెక్క అయితది. నీళ్ళల్ల ఉడకబెట్టి కూరతోని తింటరు. మా అమ్మ మాట్లాడుకుంటనే చేస్తుండె. చేతి దిక్కు చూడకపోయేది."

ఆ సాయంత్రమే చిలుకమ్మ గోధుమపిండి తడిపింది. పొయ్యి పక్కన కూర్చుని, బొటనవేలి మీద బోర్లించి చూసింది. కొన్ని చిరిగాయి, కొన్ని వేలికే అతుక్కున్నాయి. మిగిలినవి నీళ్ళలో వేస్తే అన్నీ కలిసి ముద్దయ్యాయి. మొగిలమ్మ ముక్కు మీద వేలేసుకుంది. మొండయ్య మాత్రం టమాట పులుసు పోసుకుని తిని, "సంకటి మంచిగనే ఉన్నది," అన్నాడు.

ఫాదర్ వాళ్ళకు నాలుగు మాటలు కూడా నేర్పాలనుకున్నాడు. పలకరించడానికి బువొన్‌జోర్నో. మంచి చేసినవాళ్ళకు గ్రాత్సియే. తప్పిపోతే తొవ్వ అడగడానికి ఒక మాట చెప్పబోతుంటే చిలుకమ్మ అడ్డుపడింది.

"తొవ్వ ఎట్లనన్న దొరుకుతది ఫాదర్. 'ఇది ఎట్ల చేస్తరు' అని అడగాల్నంటే ఏమనాలె?"

"కోమె సి ఫా," అన్నాడాయన.

"కోమె సి ఫా," అంది చిలుకమ్మ. మగ్గం మీద దెబ్బకొక మాటగా ఆ పూటంతా దాన్నే అంటూ కూర్చుంది.

కండెలతో వేసిన ఊరు ఆమెకు కంఠతా వచ్చింది. ఆదివారం పొద్దున్నే కోట. తర్వాత చెవులు చేసే గల్లీ. తర్వాత ఎర్ర కండె గుడి. ఎండ దిగాక రాతిగోడ మీద నడక. అయినా ఒక ఖాళీ ఆమెకు కనబడుతూనే ఉంది. ఊరంతా పేర్చిన మనిషి తన ఇల్లు ఎక్కడో ఒక్కసారీ కండె పెట్టలేదు.

"మీ ఇల్లు ఏ దిక్కు ఫాదర్?" అని ఒకరోజు అడగనే అడిగింది.

మొండయ్య ఆమె మోచేతిని తాకాడు, ఆగమన్నట్టు. ఫాదర్ చేతిలోని కండెను తిప్పుతూ కూర్చున్నాడు.

"గోడకు దగ్గర. రేవు దిక్కు. యుద్ధం రోజులల్ల బాంబులేసిండ్రు. రేవుల ఉన్న ఓడలు పేలినయి. మా అమ్మ, మా చెల్లె అదే ఇంట్ల ఉన్నరు. అప్పటికి నన్ను ఈ దేశంలనే ఇంగ్లీషోళ్ళు ఉత్తరం దిక్కు క్యాంపుల పెట్టిండ్రు, శత్రుదేశం ఇటలోడినని. చాన నెలలకు తెలిసింది." కండె కింద పెట్టాడు. "ఆ దిక్కు మీరు పోవుడు అవసరం లేదు. అక్కడ చూసేదేం లేదు."

"తర్వాతనన్న మీరెందుకు పోలే?"

"మొదలు యుద్ధం. అటెన్క రజాకార్ల లొల్లి. అటెన్క దవాఖాన కట్టుడు. గది అయిపోయినంక ఎందుకు పోలేదో నాకే తెల్వది బిడ్డా."

ఆయన పోయాక చిలుకమ్మ చాలాసేపు ఏమీ అడగలేదు. మొండయ్యకు అది కొత్తగా అనిపించి రెండుసార్లు ఆమె ముఖం చూశాడు.

సెప్టెంబరులో మేనేజరు వెంట బయలుదేరారు. కాజీపేటలో ఢిల్లీ బండి ఎక్కించడానికి మొగిలమ్మ వచ్చి మామిడికాయ తొక్కు జాడీ ఇచ్చి ఏడ్చింది. విమానంలో మొండయ్య కళ్ళు మూసుకుంటే, చిలుకమ్మ కిటికీకి ముఖం అంటించి మబ్బుల పైభాగం ఎట్లా ఉంటుందో చూసింది. దూది ఏకి ఆరబోసినట్టు ఉందని ఆయనకు చెప్పింది. ఆయన కళ్ళు తెరవకుండానే ఊఁ కొట్టాడు.

బారిలో మేళా అంటే ఒక ఊరంత. వాళ్ళ మగ్గం చుట్టూ పొద్దున్నుంచి జనమే. ఆలుమగల పంజాలు ఒక్కసారే పడుతుంటే పిల్లలు చప్పట్లు కొట్టేవారు. అంతా బాగానే ఉంది కానీ, శనివారం నాడు రాజేశ్వర్ రావు ఒక చెడ్డ కబురు మోసుకొచ్చాడు.

"రేపు మీరు బజార్ల దిక్కు, పెద్ద రోడ్ల దిక్కు తిరగుండ్రి. పాత ఊళ్ళెకు మాత్రం పోవద్దు. అన్నీ గొలుసుదొంగల గల్లీలట. ఇక్కడోళ్ళే అంటున్నరు, మేము కూడ పోము అని."

మొండయ్య చిలుకమ్మ వైపు చూశాడు. సార్లు వద్దన్న పని ఆయన ఎన్నడూ చేయలేదు. "పోనీ, పెద్ద రోడ్లే సూద్దామా?" అన్నాడు మెల్లగా.

"పెద్ద రోడ్లు హన్మకొండల లేవా?" అంది చిలుకమ్మ. "గంత ముసలాయన కింద కూసోని కండెలు పేర్చి చెప్పిండు. పోయి చూడకుంట ఎట్ల రావాలె? నా పుస్తెలతాడు రైకెలకు తోస్త. నీ జేబుల తీసుకునేటందుకు ఏమున్నది, బీడీలు తప్ప?"

ఆదివారం పొద్దున వాళ్ళు కోటకు వీపు పెట్టి నిలబడ్డారు. ఫాదర్ చెప్పినట్టే ఎదురుగా సన్నటి గల్లీలున్నాయి. రెండు చేతులూ జాపి చూసింది చిలుకమ్మ. గోడలు తగిలాయి. నలభై ఐదేళ్ళ కిందటి మాట ఇంకా సరిపోయింది.

కానీ లోపలికి పోయాక లెక్క తప్పింది. ఒక కమాను దాటి కుడికి తిరగాలని ఫాదర్ చెప్పాడు. అక్కడ కమాను తర్వాత కమాను. పై నుంచి ఆరేసిన దుప్పట్ల నీళ్ళు చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి. ఇద్దరు కుర్రవాళ్ళు స్కూటరు మీద వాళ్ళను దాటిపోయి, మళ్ళీ తిరిగి వచ్చి చూశారు. మొండయ్య చిలుకమ్మ చెయ్యి పట్టుకున్నాడు. ఇంటి బయట ఆయన అట్లా పట్టుకోవడం అదే మొదలు.

"ఎనుకకు పోదామా?"

"జర ఆగు," అంది ఆమె. పక్క గల్లీలో ఒక గడప ముందు బల్ల కనబడింది. బల్ల మీద పిండి. నల్లగౌను వేసుకున్న లావుపాటి ఆడమనిషి, యాభై లోపే ఉంటాయేమో, ఎదురింటి ఆమెతో ఏదో గొడవగా మాట్లాడుతూ, చేతి దిక్కు చూడకుండా చెవులు చేస్తోంది.

చిలుకమ్మ పోయి ఎదురుగా నిలబడింది. "బువొన్‌జోర్నో," అంది. ఆమె తలెత్తి చీరను, ముక్కుపుడకను, వెనక నిలబడ్డ మొండయ్యను చూసింది. చిలుకమ్మ బల్ల మీది చెవులు చూపించి, "కోమె సి ఫా?" అంది.

ఆ మనిషి ఒక్క క్షణం నోరు తెరిచి, పగలబడి నవ్వింది. ఎదురింటామెను పిలిచింది. ఆమె ఇంకొకామెను పిలిచింది. లోపలి నుంచి రెండు కుర్చీలు వచ్చాయి. తన గుండె మీద చెయ్యి పెట్టుకుని "నున్సియా" అంది. చిలుకమ్మ కూడా తన పేరు చెప్పింది. ఆ పేరు పలకలేక అక్కడున్నవాళ్ళంతా తలా ఒక రకంగా పాడుచేశారు.

నున్సియా ఒక చాకు ఆమె చేతికిచ్చింది. ముందుగా చిలుకమ్మ, బల్ల మీది పొడిపిండి తీసుకుని వేళ్ళ మధ్య నలిపి చూసింది. పసుపుపచ్చగా, గరుకుగా తగిలింది.

"ఇగో చూడు, ఇది పిండి గాదు, రవ్వ!" అని మొండయ్యకు చూపించింది.

"గందుకే మన ఇంట్ల సంకటయింది," అన్నాడాయన.

మొదటివి చిరిగాయి. నున్సియా లేచి వచ్చి, వెనక నిలబడి, ఆమె బొటనవేలిని తన చేత్తో పట్టుకుని ఒత్తి లాగి బోర్లించింది. తర్వాత ఒకటి నిలిచింది. కొంచెం వంకరే, కానీ చెవే. నున్సియా దాన్ని తన చెవి పక్కన పెట్టుకుని అందరికీ చూపించింది. ఆ తర్వాత చిలుకమ్మ వరుసగా చేస్తూ పోయింది. నేతపని చేసిన వేళ్ళు, ఒకసారి దారి దొరికితే ఆగవు. పగటి తిండి అక్కడే తిన్నారు. అట్లాంటి కూర వేరే చోటెక్కడా తినలేదని మొండయ్య తర్వాత చాలామందికి చెప్పాడు.

తిన్నాక చిలుకమ్మ మెల్లగా, "పాద్రె నికోలా లొరుస్సో. ఇండియా," అంది. ఆ ఇంటిపేరు ఫాదర్ ఒకసారి మాటల్లో చెప్పిందే. నున్సియా ఆ గల్లీలోని తలుపులన్నీ వేలితో చూపిస్తూ పోయింది. లొరుస్సో, లొరుస్సో, లొరుస్సో. సగం వీధి అదే ఇంటిపేరు. చిలుకమ్మ చేత్తో విమానం ఎగరేసి, కిందికి ఏదో జారవిడిచి, రెండు చేతులూ విప్పింది. ఒక తల్లి, ఒక కూతురు అన్నట్టు పెద్ద ఎత్తు, చిన్న ఎత్తు చూపించింది.

నున్సియా నవ్వు ఆగిపోయింది. చేతులు కడుక్కుని, గౌను మీది గుడ్డ విప్పి, రమ్మని సైగ చేసింది.

చిలుకమ్మ అడుగు పడలేదు. ఆ దిక్కు పోవద్దని ఆయన అన్నాడు. పోకుండా తిరిగొస్తే, ఆ ఖాళీ ఆమెలో ఉండనే ఉంటుంది. పోతే, ఆయన మాట దాటినట్టవుతుంది. మొండయ్య వైపు చూసింది. ఎప్పుడూ విడిచిపెట్టమనే మనిషి, ఈసారి, "పోదాం పా. ఆయన తరపున ఎవలన్న ఒకలు పోవాలె గద," అన్నాడు.

ఎర్ర కండె గుడిని దాటి, గోడ దగ్గరికి చేరాక నున్సియా ఒక చోట ఆగింది. తర్వాత కట్టిన చిన్న ఇళ్ళ వరుస. ఒక గదిలో స్కూటర్లు బాగుచేసే దుకాణం, ఆదివారం కాబట్టి సగం తలుపు వేసుంది. బాంబులు పడ్డప్పుడు తాను ఎంతుండేదో నడుము దగ్గర చెయ్యి పెట్టి చూపించింది నున్సియా. తర్వాత రెండు చెవులూ గట్టిగా మూసుకుంది. కళ్ళు కూడా మూసుకుంది. కాసేపటికి తెరిచి, గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది. చిలుకమ్మకు ఏం చేయాలో తోచక ఆ నేలను తాకి కళ్ళకద్దుకుంది.

గోడ ఎక్కితే సముద్రం. ఇద్దరూ సముద్రాన్ని చూడడం అదే మొదటిసారి. నీళ్ళు వచ్చి రాళ్ళను కొట్టి పోతున్నాయి, మళ్ళీ వస్తున్నాయి.

"ఇది ఎప్పుడన్న ఊకుంటదా?" అంది ఆమె.

"ఎవలకెర్క," అన్నాడు మొండయ్య. చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నారు.

తిరిగి వచ్చేసరికి రాజేశ్వర్ రావు గేటు దగ్గర కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. గట్టిగానే చీవాట్లు పెట్టాడు. వాళ్ళు చెప్పిందంతా విన్నాక, గొంతు తగ్గించి, "నిజంగనే చెవుల లెక్కనే ఉంటయా?" అని అడిగాడు.

వరంగల్ చేరాక మిషన్ కాంపౌండుకు పోవడాన్ని చిలుకమ్మ రేపు, మాపు అని వాయిదా వేసింది. ఫాదర్ కూడా కొత్తవాడ వైపు రాలేదు. చివరికి మొండయ్యే, "ఆయన ఎదురుచూస్తాండు కావచ్చు," అని తీసుకుపోయాడు.

వరండాలో కూర్చున్నారు. ఆమె కోట చెప్పింది, గల్లీలు చెప్పింది. రవ్వ సంగతి చెప్తే ఆయన నుదురు కొట్టుకుని, "తినుడే తప్ప ఎన్నడు తడిపిననా!" అని నవ్వాడు. నున్సియా గడప ఏ దిక్కుందో, గుడి గంట మోగితే అక్కడికి వినబడిందా లేదా, ఆడవాళ్ళు ఇంకా నల్లబట్టలే కడుతున్నారా, ఒకదాని మీద ఒకటి అడుగుతూనే ఉన్నాడు. ఇన్నేళ్ళూ అడిగేది చిలుకమ్మ, చెప్పేది ఎదుటివాళ్ళు. ఆ రోజు ఆమె చెప్పలేక అలిసిపోయింది.

చివరికి ఆయన వంకాయ మొక్కల వైపు చూస్తూ అడిగాడు.

"గోడ దిక్కు పోయిండ్రా?"

"పోయినం ఫాదర్. మీరు వద్దన్నా పోయినం."

"ఏమున్నది అక్కడ?"

"చిన్న చిన్న ఇండ్లు కట్టిండ్రు. స్కూటర్లు బాగుచేసే దుకాణమున్నది. బట్టలు ఆరేసిండ్రు. పిల్లలు ఆడుకుంటాండ్రు." ఆమె తడబడింది. "నేను నేలకు మొక్కిన. మీ పద్ధతి నాకు రాదు."

ఫాదర్ నికోలా తలూపాడు. కోప్పడలేదు. లేచి లోపలికి పోయి, ముగ్గురికీ చాయ తెమ్మని చెప్పి వచ్చి కూర్చున్నాడు. చాయ సగం తాగాక, "సెయింటు పండుగ మే నెలల," అన్నాడు. "అప్పుడు పోతే ఎన్ని రోజులు సరిపోతయి అంటవు?"

చిలుకమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. "ఎవలు పోవాలె? మీరేనా?"

"ఇప్పుడు పోతే నన్ను గుర్తుపట్టేటోళ్ళు ఎవరున్నరక్కడ?"

"మమ్ములను ఎవలు గుర్తుపట్టిండ్రు ఫాదర్? అయినా కూసోమని కుర్చీలేసిండ్రు."

ఆ చలికాలమంతా కొత్తవాడ షెడ్డులో మళ్ళీ కండెలు పరుచుకున్నాయి. ఈసారి పేర్చేది చిలుకమ్మ. "ఒక్క కమాను అని చెప్పిండ్రు, మూడున్నయి. మూడోది దాటినంకనే కుడికి తిరగాలె. వారం రోజులన్న ఉండుండ్రి. ఒక్క ఆదివారం ఏం సరిపోతది? మొదటి రోజే గోడ దిక్కు పోకుండ్రి, నున్సియా కాడ తిన్నంక పోండ్రి," అని ఆమె చెప్తుంటే ఆయన బుద్ధిగా వినేవాడు. పైవాళ్ళ అనుమతి వచ్చింది. మే నెల మొదట్లో కాజీపేటలో ఆయనను బండి ఎక్కించారు. కిటికీలోంచి చూస్తున్న ముసలాయన ముఖం, మొదటిసారి దూరం పోతున్న మనిషి ముఖంలా ఉంది.

ఆయన తిరిగి వచ్చేసరికి ఎండలు మండుతున్నాయి. స్టేషన్ నుంచి తిన్నగా షెడ్డుకే వచ్చాడు, చేతి సంచీ కూడా దించకుండా. ముక్కు ఇంకా ఎర్రబడింది.

"చిలుకమ్మా, నా మాట విని నవ్విండ్రే వాళ్ళు! మా తాతలు మాట్లాడిన తీరు మాట్లాడుతున్నవు అని. ఆ మాటలు ఇప్పుడు ఎవరూ వాడరట. నున్సియా అయితే నాతో ఊకె మాట్లాడించుకుంట కూసున్నది. ఆ స్కూటర్ల దుకాణం పిలగాడు నాకు కాఫీ పోసిండు. రెండు రోజులు అక్కడనే కూసున్న. తర్వాత..."

"ఆగుండ్రి, ఆగుండ్రి," అంది చిలుకమ్మ. మొండయ్యను కూడా ఆపమని సైగ చేసి, పంజా పక్కన పెట్టి, ఆయనకు ముక్కాలిపీట జరిపింది. తను ఎదురుగా నేల మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుంది.

"మొదటికెళ్ళి చెప్పుండ్రి ఫాదర్. రైలు దిగినకాడి నుంచి."